దేవనహళ్ళి నుండి ఇంటి గడప వరకు: విమానాశ్రయం కారు ముందుగా మాట్లాడుకొనేవారికి

విశాఖపట్నం నుండి రాత్రి 10:40 గంటలకు బెంగుళూరు చేరే విమానంలో ఒక పెద్దావిడ ఒంటరిగా వస్తున్నారని అనుకోవచ్చు. వయస్సు 68 సంవత్సరాలు. మోకాళ్ళ నొప్పి ఉంది. చేతిలో ఒక సంచి, విమానం లగేజీలో ఒక పెట్టె, దానితో పాటు ఆవకాయ జాడీని పాత చీరలో చుట్టి భద్రపరచిన అట్టపెట్టె ఒకటి. కొడుకు మారతహళ్ళిలో ఉంటాడు. ఆ వారం అతనికి రాత్రి విధులు గనుక ఎదురు రాలేడు. తన ఫోనులో కారు ఏర్పాటు చేశాడు. కారు నంబరు, డ్రైవరు పేరు, ప్రయాణం మొదలుపెట్టేటప్పుడు చెప్పవలసిన నాలుగంకెల ఓటీపీ, అన్నీ అతని ఫోనుకే వస్తాయి. ఆమె వద్ద ఉన్నది "కారు వస్తుందమ్మా, ఎక్కేయి" అని అతడు ఉదయం చెప్పిన మాట ఒక్కటే.

నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో విమానాశ్రయం కారు చాలావరకు ఇలాగే కుదురుతుంది. కారు మాట్లాడేవారు ఒకరు, అందులో కూర్చొనేవారు మరొకరు. మాట్లాడినవారికి అన్ని వివరాలూ తెలుసు. కూర్చొనేవారికి ఏమీ తెలియదు. బయటి ద్వారం దగ్గర ఎవరో ఎదురువచ్చి "మారతహళ్ళికేనా అమ్మా? మీ అబ్బాయే పంపించాడు" అంటే ఆమె నమ్మకపోవడానికి కారణమేమీ లేదు. కారు మాట్లాడడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం బాడుగ దగ్గర జరుగుతాయని అనుకొంటారు గాని, అసలైన పొరపాటు ఇక్కడ ఉంది. వివరాలు ప్రయాణించేవారి చేతిలో లేవు.

విమానాశ్రయం ఎక్కడ, ఏ టెర్మినల్

బెంగుళూరు విమానాశ్రయం నగరానికి ఉత్తరాన, దేవనహళ్ళి దగ్గర ఉంది. నగర మధ్యభాగం నుండి సుమారు 35 కిలోమీటర్లు. 2008 మే 24న ఇక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. 2013లో కెంపేగౌడ పేరు పెట్టారు. అంతకుముందు ప్రయాణికుల విమానాలు హెచ్ఏఎల్ విమానాశ్రయంలో దిగేవి. ఆ విమానాశ్రయం పేరు మీదుగానే మారతహళ్ళికి వెళ్ళే రోడ్డును ఇప్పటికీ పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు అంటారు. ఇది పాత కబురు మాత్రమే కాదు. ఫోనులో తొందరగా "ఎయిర్‌పోర్ట్" అని కొట్టి, కనిపించిన మొదటి పేరును ఎంచుకొంటే, కారు ఎక్కవలసిన స్థలం దేవనహళ్ళికి బదులు పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద నమోదయ్యే అవకాశం ఉంది. పటంలో గుర్తు దేవనహళ్ళి వైపే పడిందో లేదో ఒక్కసారి చూసుకోవాలి.

విమానాశ్రయంలో రెండు టెర్మినళ్ళు ఉన్నాయి. రెండవ టెర్మినల్ నుండి దేశీయ విమానాలు 2023 జనవరిలో మొదలయ్యాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో విదేశీ విమానాలన్నీ అక్కడికి మారాయి. దేశీయ విమానాలు మాత్రం సంస్థను బట్టి రెండింటిలో ఏదో ఒకచోట దిగుతాయి. టికెట్టు మీద టీ1, టీ2 అని ఉండే చిన్న గుర్తు ఇదే. ఒక టెర్మినల్ దగ్గర కారు, మరొక టెర్మినల్ దగ్గర మనిషి నిలబడితే, మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి రాత్రిపూట ఆ మధ్య దూరం చిన్నది కాదు. నడవలేనివారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొనేటప్పుడే విమాన సంస్థకు తెలియజేయడం మేలు. సహాయకుడు సామాను తీసుకొనేచోట తోడుండి, బయటివరకు తీసుకొనివస్తాడు. ఈ సదుపాయాన్ని అడగడానికి మొహమాటపడేవారు మన పెద్దలలో ఎందరో ఉన్నారు. మొహమాటపడవలసిన పని లేదు.

పగటిపూట, ఒక్క సంచితో, నడవగలిగినవారు వస్తున్నప్పుడు కారు అవసరమే ఉండదు. బీఎంటీసీ నడిపే వాయు వజ్ర బస్సులు విమానాశ్రయం నుండి మెజెస్టిక్‌కు, ఎలక్ట్రానిక్ సిటీకి, నగరంలోని ఇతర ప్రాంతాలకు తిరుగుతున్నాయి. మైసూరు వెళ్ళేవారికి కేఎస్ఆర్‌టీసీ ఫ్లైబస్ ఉంది. కారు ఎవరికి నిజంగా అవసరమో వారి సంగతే ఇక్కడ ప్రస్తావన.

పసుపు పలక, తెల్ల పలక

విమానాశ్రయంలో కారు మూడు విధాలుగా దొరుకుతుంది. బయటికి వచ్చాక టాక్సీల వరుసలో ఎక్కడం ఒకటి. ఫోనులోని యాప్ ద్వారా అప్పటికప్పుడు గాని, సమయం చెప్పి ముందుగా గాని పిలిపించడం రెండవది. ట్రావెల్స్ వారితో ముందురోజే మాట్లాడుకొని, పేరు రాసిన అట్టతో డ్రైవరు ఎదురువచ్చేలా చేసుకోవడం మూడవది. పెద్దవారు ఒంటరిగా వచ్చేటప్పుడు మూడవదానికి ఖర్చు కొంత ఎక్కువైనా, మనిషిని వెదుక్కొనే శ్రమ ప్రయాణికురాలిపై పడదు.

ఇవి గాక నాలుగవది ఒకటి ఉంది. "మా స్నేహితుడి కారు ఖాళీగా ఉంది, రెండు వందలు తక్కువకే దింపుతాడు" అన్న ఏర్పాటు. ఇక్కడ నంబరు పలకను చూడడం నేర్చుకోవాలి. అద్దెకు తిరిగే కారుకు పసుపు పలక మీద నల్ల అక్షరాలు ఉంటాయి. విద్యుత్తుతో నడిచే అద్దె కారైతే ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు. తెల్ల పలక మీద నల్ల అక్షరాలు ఉంటే అది సొంత వాడకానికి నమోదైన కారు. ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలున్నా అంతే. సొంత కారును బాడుగకు తిప్పాలంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్టు కావాలి. పర్మిట్టు లేని బండికి దారిలో ప్రమాదం జరిగితే, షరతులను అతిక్రమించి నడిపారన్న కారణంతో బీమా సంస్థ పరిహారానికి అభ్యంతరం చెప్పవచ్చు. రెండు వందల రూపాయల ఆదా వెనుక ఉన్న లెక్క అది. ఆ డ్రైవరు మంచివాడే కావచ్చు. కాని బీమా మంచితనాన్ని చూసి చెల్లించదు.

బాడుగ లెక్క

కన్నడంలో బాడిగె అన్నా తెలుగులో బాడుగ అన్నా మాట ఒకటే. లెక్క తెలియకపోతే రెండు భాషలలోనూ తగవు ఒకటే.

కర్ణాటక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో టాక్సీలకు, యాప్ కార్లకు కలిపి ఒకే విధమైన ధరలను ప్రకటించింది. కారు ఖరీదును బట్టి మూడు తరగతులు. పది లక్షల రూపాయల లోపు కారుకు మొదటి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆ తర్వాత కిలోమీటరుకు 24 రూపాయలు. పది నుండి పదిహేను లక్షల కారుకు 115, 28; పదిహేను లక్షలు దాటిన కారుకు 130, 32. మొదటి అయిదు నిమిషాల నిరీక్షణ ఉచితం. తర్వాత నిమిషానికి ఒక రూపాయి. రాత్రి 12 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు పది శాతం అదనం. అయిదు శాతం జీఎస్టీని, టోల్ రుసుమును ప్రయాణికుల నుండి తీసుకోవచ్చు.

మారతహళ్ళి వరకు 40 కిలోమీటర్లు అనుకొంటే, చిన్న కారుకు మొదటి నాలుగింటికి 100, మిగిలిన 36 కిలోమీటర్లకు 864, మొత్తం 964 రూపాయలు. జీఎస్టీ కలిపితే 1,012. టోల్ వేరు. అదే విమానం గంటన్నర ఆలస్యమై కారు 12 దాటాక బయలుదేరితే పది శాతం పెరిగి 1,060, జీఎస్టీతో 1,113 అవుతుంది. పదిహేను లక్షలు దాటిన పెద్ద కారుకు పగటి లెక్కే 1,282, పన్ను వేరు. ఒక మనిషికి, రెండు పెట్టెలకు పెద్ద కారు ఎందుకన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసినది.

ఈ అంకెలు జ్ఞాపకం పెట్టుకోవడానికి కాదు. ఎదుటివారు చెప్పిన ధరను పక్కన పెట్టి పోల్చుకోవడానికి. ట్రావెల్స్ వారు కిలోమీటర్లు లెక్కించక ఒకే మొత్తం చెబుతారు. అందులో ఏమేమి కలిశాయో అడగాలి. టోల్ కలిసిందా, విమానాశ్రయంలో పార్కింగ్ ఎవరిది, రాత్రి అదనం ఉందా, పన్ను లోపలా బయటా. "అన్నీ కలిపే సార్" అన్న మాటను సందేశంగా రాసి పంపమని కోరితే చాలు. రాయడానికి వెనుకాడిన మాట రాత్రి 12 గంటలకు ఇంటి ముందు మరో విధంగా వినిపిస్తుంది.

నగరానికి వచ్చే పెద్ద రోడ్డు మీద సాదహళ్ళి వద్ద టోల్ కేంద్రం ఉంది. ఫాస్టాగ్ వచ్చిన తర్వాత డబ్బు కారు యజమాని ఖాతా నుండి నేరుగా పోతున్నది గనుక ప్రయాణికుల కంటికి రసీదు కనబడదు. ఎంత కోసుకొన్నారో డ్రైవరు ఫోనుకు వచ్చిన సందేశం చూపమని అడగడం తప్పేమీ కాదు. ఆ మొత్తమే ఇవ్వాలి.

ముందుగా డబ్బు పంపే విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఇంటర్నెట్టులో వెదికితే కనిపించే ట్రావెల్స్ నంబర్లన్నీ నిజమైనవి కావు. "కారు ఖాయం చేయడానికి" మొత్తం బాడుగ ముందే పంపమనేవారిని, "డబ్బు వాపసు చేస్తాం, పిన్ను నొక్కండి" అనేవారిని నమ్మరాదు. యూపీఐలో పిన్ను నొక్కేది డబ్బు పంపడానికే. రావడానికి పిన్నుతో పని లేదు. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

కారు ఎప్పుడు రావాలి

కారు మాట్లాడేటప్పుడు చాలామంది విమానం దిగే సమయం చెప్పి ఊరుకొంటారు. విమానం నంబరు చెప్పడం అంతకన్నా ముఖ్యం. నంబరు తెలిసిన డ్రైవరు విమానం ఆలస్యమైతే తానే చూసుకొంటాడు. సమయం మాత్రమే తెలిసినవాడు 10:40కి వచ్చి నిలబడి, 11:15కి విసిగిపోతాడు. విమానం నేలకు దిగిన తర్వాత తలుపు తెరవడానికి, నడవడానికి, పెట్టె కోసం నిలబడడానికి అరగంట నుండి ముప్పావుగంట పట్టవచ్చు. విదేశాల నుండి వచ్చేవారికి పాస్‌పోర్టు తనిఖీ, కస్టమ్స్ కూడా ఉంటాయి గనుక గంటకు పైగా లెక్కవేసుకోవాలి. ట్రావెల్స్ వారి ఉచిత నిరీక్షణ విమానం దిగినప్పటి నుండి లెక్కకు వస్తుందా, టికెట్టులో రాసిన సమయం నుండా అన్నది ముందే తేల్చుకోవలసిన ప్రశ్న.

యాప్‌లో అప్పటికప్పుడు పిలిచేవారు పెట్టె చేతికి వచ్చాకే పిలవడం న్యాయం. పెట్టె రాకముందే పిలిచి, డ్రైవరును తిప్పి తిప్పి నిలబెట్టడం వలన అతని సంపాదన కరుగుతుంది. విమానాశ్రయంలో ఒక సవారీ కోసం డ్రైవర్లు గంటల తరబడి వరుసలో ఉండడం మామూలే. నగరం నుండి ఖాళీగా అంత దూరం వచ్చినవారూ ఉంటారు. అయితే, "యాప్‌లో రద్దు చేయండి, మామూలుగా వెళ్దాం" అని డ్రైవరే అడిగితే ఒప్పుకోరాదు. రద్దు చేసిన క్షణం నుండి ఆ ప్రయాణానికి సంబంధించిన నమోదు ఉండదు. ఏ కారులో ఎవరు ఎక్కారో చెప్పే ఆధారం అదొక్కటే.

చీటీ

కొడుకు ఫోనులో ఉన్నదంతా తల్లి చేతిలోకి రావాలంటే ఒక కాగితం చాలు. ఆమెకు స్మార్ట్‌ఫోను ఉన్నా చాలు అనేవారు, విమానంలో ఫోను కట్టేసిన తర్వాత దాన్ని తిరిగి మామూలు స్థితికి తేవడం మరచినవారిని, దారిలో ఛార్జింగు అయిపోయినవారిని చూసి ఉండరు.

చీటీ తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి. విమానం నంబరు, టెర్మినల్, ట్రావెల్స్ వారి పేరు, ఒప్పుకొన్న బాడుగ, అందులో ఏమేమి కలిశాయో, కొడుకు ఫోను నంబరు, అతడు విధుల్లో ఫోను ఎత్తలేకపోతే పొరుగింటివారి నంబరు, మొత్తం సామాన్లు ఎన్ని. ఇంటి చిరునామా మాత్రం తెలుగుతో పాటు కన్నడంలో గాని ఇంగ్లీషులో గాని కూడా రాయాలి; దాన్ని చదివేది డ్రైవరు. కారు నంబరుకు, డ్రైవరు పేరుకు, ఓటీపీకి ఖాళీ గీతలు వదలాలి. ఇవి కారు కేటాయించాక గాని తెలియవు. అప్పటికి ఆమె గాలిలో ఉంటుంది. ఆమె దిగగానే కొడుకు ఫోను చేసి చెబితే, పెట్టె కోసం నిలబడిన సమయంలో రాసుకొంటుంది. చీటీకి కలం కూడా జతచేయడం మరువరాదు.

ఇప్పుడు కారు దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చేయవలసింది రెండే పనులు. పలక మీది చివరి నాలుగంకెలను చీటీతో సరిచూడడం ఒకటి. రెండవది, "ఎవరికోసం వచ్చారు బాబూ?" అని అడగడం. పేరు ముందుగా డ్రైవరు నోట రావాలి. "మీరు మా అబ్బాయి పంపిన డ్రైవరేనా?" అని అడిగితే అక్కడున్న ప్రతివారూ అవునంటారు. ఓటీపీని కారులో కూర్చొని, నంబరు సరిచూశాకే చెప్పాలి.

డ్రైవరుతో మాట

భాష తెలియదన్న బెదురు మన పెద్దలకు ఎక్కువ. నిజానికి విమానాశ్రయం దాటి ఉత్తరానికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా అనంతపురం, కర్నూలు, హైదరాబాదు చేరుతుంది. చిక్కబళ్ళాపురం, కోలారు సీమలలో ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలు అసంఖ్యాకం. డ్రైవరుకు తెలుగు వచ్చే అవకాశం ఆమె అనుకొన్నంత తక్కువ కాదు. రాకపోయినా నష్టం లేదు. ఓటీపీ చెప్పడానికి కావలసిన అంకెలు చెవికి దగ్గరివే: ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు, ఎంటు, ఒంబత్తు. సున్నకు సొన్నె. ఒంబత్తును విని పది అనుకోరాదు, అది తొమ్మిది.

దారి చెప్పేటప్పుడు మాత్రం ఒక చిక్కు ఉంది. ఎడమకు ఎడక్కె అంటారు గనుక ఇబ్బంది లేదు. కుడికి కన్నడంలో బలక్కె అనాలి. మన అలవాటు కొద్దీ "కుడి, కుడి" అంటే డ్రైవరుకు వినబడేది "తాగు, తాగు" అని. కన్నడంలో ఆ మాటకు అర్థం అదే. "ఇల్లి నిల్లిసి" అంటే ఇక్కడ ఆపండి. "నిధానవాగి హోగి" అంటే నిదానంగా వెళ్ళండి. ఈ మాట అవసరపడే రాత్రులు ఉంటాయి.

దారి ఏదో బయలుదేరకముందే అడగాలి. హెబ్బాళ మీదుగా వచ్చే పెద్ద రోడ్డు వెడల్పైనది, దీపాలున్నది, టోల్ ఉన్నది. బాగలూరు, హెణ్ణూరు మీదుగా మరో దారి ఉంది. తూర్పు ప్రాంతాలకు వెళ్ళేవారిని డ్రైవర్లు అటు తీసుకుపోవడం కద్దు. టోల్ తప్పుతుంది, హెబ్బాళ రద్దీ తప్పుతుంది. అందులో మోసమేమీ లేదు. కాని ఏ దారిలో వస్తారో తల్లికి, కొడుకుకు ముందే తెలియకపోతే, దీపాలు తగ్గిన ఆ రోడ్డు మీద ఇద్దరికీ గుండె దడ. పెద్ద రోడ్డు మీదనే రమ్మని చెప్పే హక్కు ప్రయాణికురాలికి ఉంది; టోల్ తానే ఇస్తుంది గదా.

కారు కదలగానే కొడుకుకు ఫోను చేసి, డ్రైవరుకు వినబడేలా కారు నంబరు చదివి చెప్పడం మంచి అలవాటు. డ్రైవరును అనుమానించినట్లవుతుందేమో అని వెనుకాడనక్కరలేదు. నిజాయితీపరులు దాన్ని తప్పుగా తీసుకోరు. ప్రయాణం పటం మీద కనిపించేలా లంకెను పంపే ఏర్పాటు యాప్‌లలో ఉంది. దారిలో భయం కలిగితే 112 నొక్కాలి. బాడుగ తగవు అంత పెద్దది కాకపోతే రాత్రివేళ వాదించక, బిల్లు తీసుకొని, మరునాడు సంస్థకు రాయడమే మేలు. అక్కడ పరిష్కారం కాకపోతే 1915 వినియోగదారుల సహాయ సంఖ్య.

ఇంటి ముందు కారు ఆగాక చీటీలో రాసిన సంఖ్యతో సామాన్లు సరిచూసుకొన్న తర్వాతే డబ్బు చెల్లించాలి. సంచి, పెట్టె, అట్టపెట్టె, మొత్తం మూడు. డిక్కీలో లోపలికి జరిగిపోయిన అట్టపెట్టెతో కారు వెళ్ళిపోతే, దాన్ని తిరిగి తెచ్చి ఇచ్చినందుకు డ్రైవరు మరొక బాడుగ అడిగినా కాదనడం కష్టం.